పురుగుమందును విరిచే ఎంజైమును దగ్గరగా చూడాలంటే: ప్రొటీన్ డేటా బ్యాంక్ సేవపై ఒక అధ్యాపకుడి సమీక్ష

గుంటూరు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ చివరి సంవత్సరం విద్యార్థులకు నేను జీవరసాయన శాస్త్రం చెబుతాను. మా తరగతిలో ఎక్కువమంది మిరప, పత్తి పండించే ఇళ్ల నుంచి వచ్చినవారే కావడంతో, ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు మన నాడుల్లోని ఎసిటైల్‌కొలీన్ ఎస్టరేజ్ అనే ఎంజైమును ఎలా పనిచేయనివ్వవో చెప్పే పాఠం వారికి మరీ కొత్తగా అనిపించదు. మందు కొట్టి ఇంటికి వచ్చిన మనిషికి చెమటలు పట్టడం, చూపు మసకబారడం, నోట్లో నీరు ఊరడం, ఆసుపత్రిలో విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడం వారిలో కొందరు కళ్లారా చూశారు. నాలుగేళ్ల కిందట ఆ పాఠం ముగిసిన రోజున ఒక అమ్మాయి లేచి, "సార్, ఎంజైమును పాడుచేసే మందు గురించి చెప్పారు కదా, ఆ మందునే విరిచేసే ఎంజైము ఏదీ లేదా?" అని అడిగింది. ఉందని చెప్పి, నల్లబల్ల మీద ఫాస్ఫోట్రైఎస్టరేజ్ అని పేరు రాశాను గానీ, మా పాఠ్యపుస్తకంలో దాని బొమ్మ లేదు. ఆ బొమ్మ కోసం వెతుకుతూ తరగతి గదిలోకి తెచ్చుకున్న సేవే ప్రొటీన్ డేటా బ్యాంక్. అప్పటి నుంచి ఏటా అదే ఎంజైముతో దీన్ని వాడుతున్నాను కనుక, ఆ ఒక్క ఎంజైమునే గీటురాయిగా పెట్టుకుని ఈ సేవ ఎంతవరకు పనికొస్తుందో చెబుతాను.

ముందుగా సేవ ఏమిటో రెండు మాటలు. ప్రొటీన్ల త్రిమితీయ నిర్మాణాలను, అంటే ఒక్కో అణువులోని ఒక్కో పరమాణువు ఎక్కడుందో తెలిపే కొలతలను, భద్రపరచి అందరికీ ఇచ్చే నిధి ఇది. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలైంది. 2023లో రెండు లక్షలు దాటింది. 2003 నుంచి అమెరికా, ఐరోపా, జపాన్ కేంద్రాలు కలిసి ఒకే నిధిని నడుపుతున్నాయి. నేను వాడేది అమెరికా కేంద్రమైన ఆర్‌సీఎస్‌బీ వారి వెబ్‌సైటు. ఖాతా తెరవనక్కరలేదు, రుసుము లేదు, దించుకున్న దత్తాంశాన్ని ఎలా వాడుకున్నా అనుమతి అడగనక్కరలేదు. పరిశోధన పత్రికల్లో ఒక్క వ్యాసం చదవడానికి వేల రూపాయలు అడిగే ఈ రోజుల్లో, ఆ వ్యాసానికి ఆధారమైన అసలు కొలతలు మాత్రం ఉచితంగా దొరకడం చిన్న విషయమేమీ కాదు.

వెతుకులాట దగ్గరే కొంత ఓపిక కావాలి. ఈ ఎంజైముకు పేర్లు ఎక్కువ. ఫాస్ఫోట్రైఎస్టరేజ్ అని కొందరు, పారాథియాన్ హైడ్రోలేజ్ అని కొందరు, ఆర్గానోఫాస్ఫరస్ హైడ్రోలేజ్ అని మరికొందరు రాస్తారు. అధికారిక నామకరణంలో అది ఆరిల్‌డైఆల్కైల్‌ఫాస్ఫటేజ్. పైగా ఇది దొరికిన బ్యాక్టీరియాను పాత నమోదుల కాలంలో సూడోమోనాస్ డిమిన్యూటా అనేవారు, ఇప్పుడు బ్రెవండిమోనాస్ డిమిన్యూటా అంటున్నారు. పేరుతో వెతికితే ఒకటి దొరికి మరొకటి జారిపోవచ్చు. ఎంజైము వర్గీకరణ సంఖ్య 3.1.8.1తో వెతికి, ఫలితాలను రిజల్యూషన్ (నిర్మాణం ఎంత సూక్ష్మంగా కనిపిస్తుందో తెలిపే కొలత) వరుసలో అమర్చుకోవడం మేలని నా అనుభవం. ప్రతి నమోదుకూ నాలుగు అక్షరాల గుర్తు ఉంటుంది. మా తరగతికి ముఖ్యమైనవి మూడు: 1994లో వెలువడిన, లోహం లేని 1పీటీఏ, 1996 నాటి, నిరోధకం (ఎంజైము పట్టుకోగలిగినా తెంచలేని నకిలీ అణువు) అతుక్కుని ఉన్న 1డీపీఎం, 2001 నాటి, అన్నిటికంటే స్పష్టమైన 1హెచ్‌జెడ్‌వై. మూడూ విస్కాన్సిన్‌లోని హేజెల్ హోల్డెన్, టెక్సాస్‌లోని ఫ్రాంక్ రౌషెల్ బృందాల కృషి.

1హెచ్‌జెడ్‌వై పేజీ తెరిచి, త్రిమితీయ దృశ్యం అన్న మీట నొక్కగానే మాల్‌స్టార్ అనే ప్రదర్శకం బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. విడిగా ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనక్కరలేదు. మొదట కనిపించేది రెండు రంగుల్లో, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు ఉపభాగాల జంట. ఒక్కో ఉపభాగాన్ని మెల్లగా తిప్పి, బీటా పట్టీల చివరలు మన వైపు వచ్చేలా పెడితే, ఎనిమిది బీటా పట్టీలు నిలబెట్టిన పీపా చెక్కల్లా గుండ్రంగా అమరి, వాటి చుట్టూ ఆల్ఫా హెలిక్సులు, అంటే స్ప్రింగులా మెలితిరిగిన గొలుసు భాగాలు, ఇనుప పట్టాలకు బదులు దిండ్లలా ఒత్తి పట్టుకుని ఉండడం తెలుస్తుంది. ఈ అమరికను పాఠ్యపుస్తకాలు టిమ్ పీపా అని ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తాయి. వేలితో తిప్పి చూసిన విద్యార్థికి మాత్రం పీపా లోపల ఖాళీ లేదనీ, అమైనో ఆమ్లాల పక్క గొలుసులతో అది కిక్కిరిసి ఉందనీ, అసలు పని జరిగే గుంట పీపా మూతి దగ్గర ఉందనీ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఈ ఒక్క నిమిషం కోసమే ఈ సేవను వాడవచ్చు.

అమైనో ఆమ్లాల వరుసను పైన చూపే పట్టీలో సంఖ్యలు ఒకటితో మొదలవకుండా ముప్పైల్లో మొదలవడం చూసి, మొదటి ఏడాది ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. పొరపాటు నాదే. బ్యాక్టీరియా ఈ ప్రొటీనును 365 అమైనో ఆమ్లాలతో తయారుచేసి, పొర దాటించేటప్పుడు మొదటి 29ని కత్తిరించివేస్తుంది. సంఖ్యలు మాత్రం పాత లెక్కనే అనుసరిస్తాయి. ఆ తర్వాత వరుసలో 169వ స్థానం మీద నొక్కితే, అక్కడ లైసీన్ ఉండాల్సిన చోట కేసీఎక్స్ అని కనిపిస్తుంది. ఇది అక్షరదోషం కాదు. ఆ లైసీన్ చివరి నత్రజనికి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు అతుక్కుని కార్బాక్సిల్ సమూహంగా మారింది. ఆ సమూహంలోని రెండు ఆక్సిజన్లు చెరొక జింకు అయాన్‌ను పట్టుకుని వంతెన కట్టాయి. జన్యువును చదివి రాసిన ఏ వరుసలోనూ ఈ మార్పు కనిపించదు, ఎందుకంటే జన్యువులో ఉన్నది మామూలు లైసీనే. తరగతిలో నేను ఎక్కువసేపు ఆగే చోటు ఇదే. జన్యువు చెప్పే వరుసకూ, పనిచేసే ఎంజైముకూ మధ్య ఉన్న తేడా ఇంత సూటిగా కనిపించే ఉదాహరణ నాకు మరొకటి తోచలేదు.

జింకు మీద నొక్కగానే ప్రదర్శకం దగ్గరికి జరిగి, ఐదు ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దూరంలో ఉన్న పొరుగులన్నిటినీ కడ్డీల రూపంలో చూపుతుంది. లోహానికి కట్టుకున్నవాటిని చుక్కల గీతలతో కలుపుతుంది. లోతుగా ఉన్న జింకును హిస్టిడీన్ 55, హిస్టిడీన్ 57, ఆస్పార్టిక్ ఆమ్లం 301 పట్టుకుంటాయి. బయటి వైపు ఉన్న జింకును హిస్టిడీన్ 201, హిస్టిడీన్ 230 పట్టుకుంటాయి. ఇద్దరికీ ఉమ్మడిగా పైన చెప్పిన కేసీఎక్స్ ఒక వంతెన, ఒంటరి ఆక్సిజన్ పరమాణువు ఇంకో వంతెన. ఎంపిక బాణం నొక్కి, రెండు జింకులనూ ఎంచుకుని, కొలతల పలకలో దూరం అడిగితే దాదాపు 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లు అని తెర మీద పడుతుంది. మా విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఈ కొలత తీస్తారు. పుస్తకంలో అచ్చైన అంకె కంటే తాము కొలిచిన అంకె మీద వారికి గురి ఎక్కువ.

ఇక ఎంజైము పని. పారాథియాన్ అనే మందు శరీరంలోకి వెళ్లాక కాలేయంలో పారాక్సాన్‌గా మారుతుంది. నాడీ ఎంజైములోని సెరీన్‌కు అతుక్కుని దాన్ని బంధించేది ఈ పారాక్సానే. దాని నడుమ ఒక భాస్వర పరమాణువు, దాని చుట్టూ ఒక ఆక్సిజన్, రెండు ఇథాక్సీ సమూహాలు, ఒక నైట్రోఫినాల్ సమూహం ఉంటాయి. ఫాస్ఫోట్రైఎస్టరేజ్ చేసేది భాస్వరానికీ నైట్రోఫినాల్‌కూ నడుమ ఉన్న బంధాన్ని నీటితో తెంచడం. బయటి జింకు భాస్వరం మీది ఆక్సిజన్‌ను తన వైపు లాగుతుంది. దానితో భాస్వరం మీద ధనావేశం పెరుగుతుంది. రెండు జింకుల నడుమ ఉన్న హైడ్రాక్సైడ్ వెనుక వైపు నుంచి వచ్చి దాన్ని ఢీకొంటుంది. ఎదురుగా ఉన్న నైట్రోఫినాల్ విడిపోతుంది. గొడుగు గాలికి వెనక్కి తిరగబడినట్లు భాస్వరం చుట్టూ ఉన్న అమరిక తిరగబడుతుందని 1988లోనే రౌషెల్ బృందం నిరూపించింది. మిగిలేది డైఇథైల్ ఫాస్ఫేట్, దానికి పారాక్సాన్ విషంలో లేశమంతైనా ఉండదు. పారాక్సాన్ పుష్కలంగా దొరికితే, ఒక ఎంజైము అణువు సెకనుకు రెండు వేలకు పైగా ఇలాంటి అణువులను విరుస్తుంది. ఎంజైము, అది విరిచే అధస్థ పదార్థం నీటిలో ఒకదానికొకటి తగలడానికి పట్టే సమయమే దీనికి దాదాపు హద్దు.

ఈ కథలో ఎంత భాగం ప్రొటీన్ డేటా బ్యాంక్ చూపుతుంది, ఎంత భాగం చూపదు అన్న విషయంలో వినియోగదారుడు జాగ్రత్తగా ఉండాలి. జింకుల నడుమ ఉన్నది హైడ్రాక్సైడ్ అని నేను రాశాను గానీ, తెర మీద కనిపించేది ఒక్క ఆక్సిజనే. ఎక్స్-కిరణాలు హైడ్రోజన్‌ను సరిగా పట్టుకోలేవు, 1.3 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్ ఉన్న 1హెచ్‌జెడ్‌వైలో కూడా అది నీరా, హైడ్రాక్సైడా అన్నది చిత్రం ఒక్కటే తేల్చదు. పీహెచ్ ఆరుకు దిగువకు వెళ్లేకొద్దీ ఎంజైము వేగం పడిపోవడం వంటి వేరే ప్రయోగాల నుంచి ఆ నిర్ధారణ వచ్చింది. వేగం గురించైతే చిత్రం ఒక్క మాట కూడా చెప్పదు. అందుకే నేను ముందుగా విద్యార్థులను ప్రయోగశాలకు తీసుకువెళ్తాను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ప్రయోగంలో పరీక్షనాళిక నిమ్మపండు రంగుకు తిరగడం వారు ఎలాగూ చేస్తారు. ఆ పసుపు నైట్రోఫినాల్‌దే. పారాక్సాన్‌ను తరగతిలోకి తేలేము, తేకూడదు కూడా. కానీ అదే పసుపు రంగును 400 నానోమీటర్ల దగ్గర కొలిచి శాస్త్రజ్ఞులు ఈ ఎంజైము వేగాన్ని లెక్కించారని చెప్పగానే, నాళికలోని రంగూ తెర మీది గుంటా ఒకే విషయం గురించి మాట్లాడుతున్నాయని వారికి తట్టుతుంది.

గుంట ఆకారం అర్థం కావాలంటే 1డీపీఎం తెరవాలి. అసలు మందును పెడితే ఎంజైము దాన్ని విరిచేసి ఖాళీ అవుతుంది కనుక, తెగే చోట ఆక్సిజన్‌కు బదులు కార్బన్ ఉన్న ఒక నకిలీ అణువును పరిశోధకులు అందులో ఇరికించారు. ఎంజైము దాన్ని పట్టుకోగలదు, తెంచలేదు. ఆ నకిలీ అణువు మీద నొక్కితే, దాని మూడు చేతులు మూడు వేర్వేరు అరల్లోకి వెళ్లడం కనిపిస్తుంది. గ్లైసీన్ 60, ఐసోల్యూసీన్ 106, ల్యూసీన్ 303, సెరీన్ 308 కలిసి ఒక చిన్న అర. హిస్టిడీన్ 254, హిస్టిడీన్ 257, ల్యూసీన్ 271, మెథియోనీన్ 317 కలిసి ఒక పెద్ద అర. విడిపోయే సమూహం ఉండే మూడో అరను ట్రిప్టోఫాన్ 131, ఫినైల్ అలనీన్ 132, ఫినైల్ అలనీన్ 306, టైరోసీన్ 309 చుట్టుముడతాయి. ఈ మూడో అరలో దాదాపు అన్నీ నీటికి దూరంగా ఉండే వలయాలే. నైట్రోఫినాల్ వంటి బల్లపరుపు వలయం అందులో ఎందుకంత హాయిగా కూర్చుంటుందో దీన్ని చూస్తే చెప్పనక్కరలేదు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: ఈ నకిలీ అణువు తాలూకు ఆక్సిజన్ బయటి జింకుకు మూడున్నర ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా దూరంగా ఉంది, అంటే బంధం ఏర్పడేంత దగ్గరగా లేదు. కనుక ఇది చర్య జరిగే క్షణపు ఛాయాచిత్రం అనుకోవడం తప్పు. పెళ్లి ఫొటో కోసం నిలబెట్టినట్లు నిలబడిన అణువది.

అరల పరిమాణం చూశాక ఎంజైము ఎంపికలు కూడా అర్థమవుతాయి. మన పొలాల్లో చాలాకాలం వాడుకలో ఉన్న క్లోరిపైరిఫాస్‌ను ఇది పారాక్సాన్‌తో పోలిస్తే దాదాపు వెయ్యి రెట్లు నెమ్మదిగా విరుస్తుంది. 2018లో మన దేశంలో నిషేధించిన మిథైల్ పారాథియాన్‌ను ముప్పై రెట్లు నెమ్మదిగా. విష వాయువైన సారిన్ విషయంలో అయితే, కుడి ఎడమ చేతుల్లా ఉండే దాని రెండు రూపాల్లో తక్కువ విషమున్న దాన్నే ఈ ఎంజైము ఇష్టపడుతుంది. చిన్న అరలోని గ్లైసీన్ 60 స్థానంలో అలనీన్ పెడితే, అంటే ఒక్క మిథైల్ సమూహమంత చోటు తగ్గిస్తే, కుడి ఎడమల మధ్య ఎంపిక మరింత గట్టిపడుతుంది. విషాన్ని విరిచే ఎంజైము అంటే అన్ని విషాలకూ ఒకే మందు అనుకునేవారికి ఈ ఒక్క అర చూపిస్తే సరిపోతుంది.

నాణ్యత విషయంలో ఈ సేవ నిజాయితీ నాకు చాలా నచ్చింది. ప్రతి నమోదు పేజీలోనూ ఎరుపు నుంచి నీలం దాకా సాగే కొన్ని అడ్డుపట్టీలు ఉంటాయి. గీత నీలం వైపు ఉంటే నిర్మాణం నమ్మదగినది, ఎరుపు వైపు ఉంటే జాగ్రత్తగా చదవాలి. వాటిలో ఒక పట్టీ పేరు రామచంద్రన్ పట్టీ. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ తన సహచరులతో కలిసి 1963లో ప్రకటించిన పటాన్ని, ప్రొటీను వెన్నెముక ఏ కోణాల్లో వంగగలదో ఏ కోణాల్లో వంగలేదో చెప్పే ఆ లెక్కను, ప్రపంచంలో ఎవరు ఏ నిర్మాణాన్ని సమర్పించినా ఈ నిధి వర్తింపజేసి చూపుతుంది. ఎరుపు నీలం పట్టీల నడుమ ఆ పేరు చూసినప్పుడు విద్యార్థుల ముఖాల్లో వచ్చే మార్పును నేను ప్రతి ఏటా ఎదురుచూస్తాను.

1పీటీఏ నమోదును నేను చివరికి పెట్టుకుంటాను, ఎందుకంటే అది తికమక పెడుతుంది. స్ఫటికంలో పునరావృతమయ్యే యూనిట్‌ను ఎంచుకుంటే ఒక్క ఉపభాగమే కనిపిస్తుంది. జీవకణంలో ఉండే అమరికను ఎంచుకుంటే జంట కనిపిస్తుంది. రెండింటి నడుమ మారే ఎంపిక పెట్టె పలకలో ఒక మూల ఉంటుంది, గమనించకపోతే ఈ ఎంజైము ఒంటరిదని రాసేసే ప్రమాదం ఉంది. మా విద్యార్థి ఒకరు రికార్డులో అలాగే రాశారు, నేను సంతకమూ పెట్టేశాను. పైగా దీనిలో జింకు లేదు. లోహం లేనప్పుడు గుంట చుట్టూ ఉన్న భాగాలు స్థిరంగా నిలవలేదు. అవే సంఖ్యలున్న అమైనో ఆమ్లాలు వేరే చోట్లకు జారిపోయాయి. 1హెచ్‌జెడ్‌వైని, 1పీటీఏని పక్కపక్కన పెట్టి చూస్తే, లోహం ఇక్కడ చర్య జరిపించడంతో ఆగక గుంట గోడలను కూడా నిలబెడుతోందని తెలుస్తుంది.

ఇటీవల ఈ వెబ్‌సైటులో కంప్యూటరు ఊహించిన ఆల్ఫాఫోల్డ్ నమూనాలను కూడా వెతకవచ్చు. ప్రయోగంతో తేలిన నిర్మాణాలకూ, ఊహించిన వాటికీ వేర్వేరు గుర్తులు పెట్టడం సరైన పని. ఈ ఎంజైము ఊహానమూనా తెరిచి చూస్తే పీపా చక్కగానే ఉంటుంది, కానీ జింకులు ఉండవు, కేసీఎక్స్ ఉండదు; లైసీన్ 169 మామూలు లైసీన్‌గా, దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉంటుంది. గుడి కట్టి గర్భగుడిని ఖాళీగా వదిలినట్లన్న మాట. ఎంజైము పనిని అర్థం చేసుకోవడానికి మా అవసరం ప్రయోగంతో తేలిన నిర్మాణమే కనుక, తరగతిలో ఊహానమూనాను పోలిక కోసం తప్ప వాడడం లేదు.

పోలిక గురించి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మన రక్తంలోనూ పారాక్సాన్‌ను విరవగల ఎంజైము ఒకటుంది, దాని పేరు పారాక్సోనేజ్ 1. దాని నిర్మాణం 2004లో 1వీ04 గుర్తుతో వెలువడింది. తెరిచి చూస్తే పీపా లేదు. ఆరు రెక్కల పంకా ఉంది, దాని నడిమి సొరంగంలో జింకులకు బదులు రెండు కాల్షియం అయాన్లు ఉన్నాయి. అయినా రెండు ఎంజైములకూ ఒక పోలిక ఉంది. పారాక్సోనేజ్ సహజంగా చేసే పని లాక్టోన్లు అనే వలయాకార ఎస్టర్లను తెరవడం; ఫాస్ఫోట్రైఎస్టరేజ్ కూడా అలాంటి పని చేసే లాక్టోనేజ్ అనే ఎంజైము నుంచే పుట్టిందని దాని దగ్గరి బంధువులు సూచిస్తున్నాయి. పారాథియాన్ జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ చేతుల్లో 1940లలో తయారైంది. అంతకుముందు ప్రకృతిలో లేని ఆ పదార్థాన్ని విరిచే ఎంజైము కొన్ని దశాబ్దాల్లోనే నేలలో కనిపించింది. ఫిలిప్పీన్స్ వరిమడిలో ఎన్. సేతునాథన్, టి. యోషిడా 1973లో వెలికితీసిన ఫ్లావోబ్యాక్టీరియంలోనూ, అమెరికాలో దొరికిన బ్యాక్టీరియాలోనూ జన్యువు ఒకటే, దాన్ని మోసే ప్లాస్మిడ్లు (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాలు) మాత్రం వేరు. ఆ జన్యువు ఒక చోటి నుంచి మరో చోటికి దూకగల ట్రాన్స్‌పోసాన్ లాంటి అమరికలో ఉందని హైదరాబాద్‌లో సిద్దవట్టం దయానంద బృందం 2003లో చూపింది. ఈ భాగం చెప్పేటప్పుడు మాత్రం నేను తెరను ఆపేస్తాను, ఎందుకంటే జన్యువు ప్రయాణం నిర్మాణాల నిధిలో కనిపించే విషయం కాదు.

ఈ సేవ తరగతి బయట పనికొచ్చిన సందర్భమూ ఒకటుంది. కిందటేడు మా ఇంటికి కూరగాయలు కడిగే ద్రావణం సీసా ఒకటి వచ్చింది. పురుగుమందుల అవశేషాలను ఎంజైముల శక్తితో తొలగిస్తుందని దాని మీద రాసి ఉంది. ఏ ఎంజైమో పేరు లేదు, వర్గీకరణ సంఖ్య లేదు, పదార్థాల వరుసలో మాత్రం సిట్రిక్ ఆమ్లం ఉంది. సీసాలో ఉన్నది నిజంగా ఈ ఎంజైమే అయితే, తటస్థానికి పైన ఉండే పీహెచ్‌లో బాగా పనిచేసే దాన్ని పుల్లటి నీటిలో ఎందుకు ఉంచారో తయారీదారు చెప్పాలి. వేరే ఎంజైము అయితే అది ఏ బంధాన్ని తెంచుతుందో చెప్పాలి. ఏదీ చెప్పలేదు కనుక నేను దాన్ని పక్కన పెట్టి, ధారగా పారే నీటితోనే కూరగాయలు కడుగుతున్నాను. విషం తాగిన మనిషికి ఈ ఎంజైమును ఎక్కించవచ్చు కదా అని కూడా విద్యార్థులు ఏటా అడుగుతారు. బ్యాక్టీరియా ప్రొటీను కావడంతో మన శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి తొలగిస్తుంది, రక్తంలో ఎక్కువసేపు నిలవదు. వార్డుల్లో ఇప్పటికీ అట్రోపిన్, పామ్ (ప్రాలిడాక్సిమ్) ఇంజక్షన్లే దిక్కు.

వాడుక సౌలభ్యం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఫోనులో ప్రదర్శకం తెరుచుకుంటుంది, రెండు వేళ్లతో దగ్గరికి తెచ్చుకోవచ్చు. అయితే పరమాణువులను ఎంచుకుని దూరం కొలవడానికి ఫోను తెర ఇరుకు, మౌసు ఉన్న కంప్యూటరే నయం. మా ప్రయోగశాలలోని పాత కంప్యూటర్ల మీద ఈ ఎంజైము పరిమాణానికి ఇబ్బంది రాలేదు. రైబోజోమ్ లాంటి భారీ నిర్మాణం తెరిస్తే మాత్రం ఫ్యాను మోత వినిపిస్తుంది. దించుకునే ఫైళ్లలో పాత పద్ధతిది ఒక్కో పరమాణువుకు ఒక్కో వరుస, వరుసకు 80 నిలువు గడులు. చిల్లుల కార్డుల కాలపు అలవాటు అది. విద్యార్థులకు నేను ఇప్పటికీ ఆ ఫైలునే నోట్‌ప్యాడ్‌లో తెరిపిస్తాను, జింకు వరుసలో ఉన్న మూడు అంకెలు దాని స్థానమని వేలు పెట్టి చూపవచ్చు కనుక. పెద్ద నిర్మాణాలకు ఆ గడులు చాలవు, కొత్త పద్ధతి ఫైళ్లే వాడాలి. సైటు అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది; తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి రెండు గంటలు పక్కన కూర్చుని చెప్పేవారు ఉండాలి. దీనికి అనుబంధంగా ఉన్న పీడీబీ-101 అనే బోధన విభాగంలో డేవిడ్ గుడ్‌సెల్ నీటిరంగుల బొమ్మలు, 2000 నుంచి నెలనెలా వస్తున్న అణువుల పరిచయాలు ఉన్నాయి. వాటిలో ఎసిటైల్‌కొలీన్ ఎస్టరేజ్ పరిచయాన్ని ఈ పాఠానికి ముందు రోజు చదివించడం నా పద్ధతి.

ఎవరికి పనికొస్తుందంటే, ఎంజైము అంటే ఏమిటో ఒకసారి చదివి, అది పని ఎలా చేస్తుందో చూడాలనుకునే విద్యార్థికీ, అధ్యాపకుడికీ దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. మొదటి పరిచయానికే దీన్ని తెరిస్తే రంగు రంగుల రిబ్బన్లు తప్ప ఏమీ మిగలవు. ఈ ఏడాది మా తరగతికి ఇచ్చిన పని ఇది: 1హెచ్‌జెడ్‌వైలో గుంట మూతి దగ్గర, హిస్టిడీన్ 254కూ ల్యూసీన్ 271కీ నడుమ సాగే ఏడో మెలికను, పరమాణువుల కదలికను బట్టి రంగులు వేసే ఎంపికతో చూసి, ఆ మెలిక మిగతా పీపా కంటే ఎక్కువ కదులుతోందో లేదో, కదిలితే పెద్ద అరలోకి వచ్చే అణువుకు అది ఎలా తోడ్పడుతుందో ఒక పేజీ రాయాలి. ముప్పై నలుగురిలో ఇరవై ఆరుగురు సొంతంగా తీసిన బొమ్మలు అతికించి ఇచ్చారు. మిగతా ఎనిమిది మందికి సోమవారం ప్రయోగశాల తెరిచి ఉంచుతున్నాను.